కత్తెర పురుగేనా, దాని చుట్టమా? గుర్తుపట్టడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కజొన్న సుడిలో (మొక్క నడుమ చుట్టుకుని ఉండే లేత ఆకుల్లో) పురుగు కనబడగానే "కత్తెర పురుగే" అనేయడం 2018 తర్వాత అందరికీ అలవాటైపోయింది. చాలాసార్లు అది నిజమే అవుతుంది. కాకపోతే అదే చేలో దాన్ని పోలిన పురుగులు ఇంకో నాలుగైదు రకాలు తిరుగుతుంటాయి. వాటిని దేనికది విడదీసి చూడటానికి రైతులు, వ్యవసాయ విద్యార్థులు, రాత్రిపూట దీపం దగ్గర రెక్కల పురుగులను ఫొటోలు తీసేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి.

కత్తెర పురుగు అంటే సరిగ్గా ఏ పురుగు?

శాస్త్రీయ నామం స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా. నాక్టూయిడే అనే పెద్ద కుటుంబంలోది. పుట్టిల్లు అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాలు. 2016 మొదట్లో ఆఫ్రికాలో బయటపడింది. 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్న మీద మన దేశంలో తొలిసారి కనబడింది. ఆ ఏడాదే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలకు చేరుకుంది. 2019లో చైనా, 2020లో ఆస్ట్రేలియా వంతు వచ్చింది. గాలి కలిసొస్తే తల్లి పురుగు (మగదైనా ఆడదైనా, రెక్కలొచ్చిన పురుగును ఇలాగే అంటాం) ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దాకా పోగలదు కాబట్టి ఈ వేగం చూసి ఆశ్చర్యపడనక్కర్లేదు.

దీన్ని పోల్చుకోవడం ఎందుకంత కష్టం?

పొగాకు లద్దె పురుగు, ఉల్లి, మిరప మీద కనబడే పచ్చ లద్దె పురుగు, వరి నారుమళ్ళను మేసే లద్దె పురుగు, ఇవన్నీ దీనితోపాటు స్పోడోప్టెరా ప్రజాతిలోవే (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు). కొన్ని గుర్తులు అన్నింటికీ ఉమ్మడిగా ఉంటాయి. పైగా రంగు నిలకడగా ఉండదు. ఒకే గుడ్ల కుప్పలోంచి వచ్చిన పురుగుల్లో ఒకటి లేత ఆకుపచ్చగా, ఇంకొకటి గోధుమరంగులో, మరొకటి దాదాపు నల్లగా తయారవుతుంది. అందుకే రంగు చూసి పేరు పెట్టేవాళ్ళ మాట నమ్మొద్దు.

తల మీద తిరగేసిన 'వై' అక్షరం ఉంటే చాలదా?

చాలదు. అన్నిటికంటే ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కరపత్రాల్లో, గోడ పోస్టర్లలో ఈ గుర్తునే పెద్దదిగా వేయడంతో అదొక్కటే జనం మనసులో నిలిచిపోయింది. గొంగళి పురుగుల తల మీద నుదుటి దగ్గర సహజంగానే ఒక అతుకు గీత ఉంటుంది. అది కిందికి వచ్చేసరికి రెండుగా చీలుతుంది. చాలా నాక్టూయిడ్ పురుగుల్లో ఈ గీత లేతరంగులో తిరగేసిన వై లాగే కనబడుతుంది. పొగాకు లద్దె పురుగులో కూడా చూడొచ్చు. కత్తెర పురుగులో తల ముదురుగా ఉండి, గీత తెల్లగా, స్పష్టంగా తేలుతుంది కాబట్టి తేడా ఉన్నమాట నిజమే. కానీ అది మోతాదులో తేడా. వై కనబడితే అనుమానించండి. ఖాయం చేసుకోవడానికి మాత్రం తోక వైపు చూడండి.

తోక వైపు ఏం చూడాలి?

నాలుగు నల్ల చుక్కలు. పురుగును వీపు పైకి ఉండేలా పెట్టండి. గొంగళి పురుగుకు పొట్ట మధ్యలో నాలుగు జతల మెత్తటి కాళ్ళు, చిట్టచివర ఇంకో జత ఉంటాయి. మధ్య కాళ్ళు అయిపోయాక, చివరి కాళ్ళు రాకముందు ఉన్న భాగంలో ఎనిమిదో ఉదర ఖండితం (పొట్ట మీది కట్లలో ఎనిమిదోది) వస్తుంది. దాని వీపు మీద నాలుగు చుక్కలు చతురస్రం మూలల్లో పెట్టినట్టు ఉంటాయి. మిగతా చుక్కలకంటే ఇవి పెద్దవి, నల్లవి.

దాని ముందున్న ఖండితాల మీద కూడా నాలుగేసి చుక్కలుంటాయి. వాటిలో ముందు రెండూ దగ్గరగా, వెనక రెండూ ఎడంగా ఉంటాయి. అంటే చతురస్రం కాదు, ఒక పక్క ఇరుకైన నాలుగు మూలల ఆకారం. చాలామంది ఈ చుక్కలు చూసి "నాలుగూ ఉన్నాయి" అని సంతోషపడిపోతారు. లెక్క ఒక్కటే కాదు, అమరిక కూడా చూడాలి. ఒకే పురుగు మీద ఈ రెండు అమరికలూ ఒకదాని పక్కన ఒకటి కనబడితే ఇక సందేహం అక్కర్లేదు.

ఈ చుక్కలు ఉత్త మచ్చలు కావు. కాస్త పైకి ఉబ్బి ఉండే చిన్న పలకలు, ఒక్కోదానిలోంచి ఒక్కో వెంట్రుక లేస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే జేబు భూతద్దం కొనుక్కుంటే ఇవన్నీ తేలిగ్గా కనబడతాయి. దీని మీద పెట్టిన ఖర్చు వృథా పోదు.

అప్పుడే పొదిగిన చిన్న పురుగులను గుర్తుపట్టొచ్చా?

కంటితో చూసి నమ్మకంగా చెప్పడం కుదరదు. పొదిగినప్పుడు పురుగు 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒళ్ళు లేత పచ్చ, తల నలుపు. రెండో దశలో తల నారింజ రంగుకు మళ్ళుతుంది. మూడో దశ నుంచి వీపు గోధుమరంగుకు తిరిగి, పక్కల తెల్ల చారలు మొదలవుతాయి. వై గీత, చుక్కలు బాగా తేలేది నాలుగో దశ నుంచి, అంటే పురుగు సుమారు 10 మిల్లీమీటర్లు దాటాక. ఆరో దశ పూర్తయ్యేసరికి 3 సెంటీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది.

చిక్కేమిటంటే, మందు బాగా పనిచేసేది చిన్న పురుగుల మీదే. గుర్తులు స్పష్టంగా కనబడేది పెద్ద పురుగుల్లో. అందుకే చిన్న దశలో ఒంటి గుర్తుల కోసం తంటాలు పడకుండా పంట, గుడ్లు, ఆకు మీది గాట్లు, లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసన ఎరతో మగవాటిని రప్పించే ఉచ్చులో) పడిన తల్లి పురుగులు అన్నీ కలిపి చూసి అంచనాకు రావాలి. అదే చేలో ఒకటో రెండో పెద్ద పురుగులు ఎక్కడో దొరక్కపోవు. వెతికి వాటి తోక చూడండి.

పొగాకు లద్దె పురుగుతో తేడా ఎలా తెలుస్తుంది?

ఇది స్పోడోప్టెరా లిట్యూరా. పొగాకు, ఆముదం, వేరుశనగ, పత్తి, మిరప, క్యాబేజీ లాంటి వెడల్పాటి ఆకుల పంటల మీద మనకు ఎప్పటినుంచో తెలిసినదే. పెరిగిన పురుగు పక్క నుంచి చూస్తే పొట్ట మొదటి ఖండితం మీద, ఎనిమిదో ఖండితం మీద మిగతావాటికంటే పెద్ద నల్ల మచ్చలు రెండు వైపులా ఉంటాయి. వీపు పొడవునా పసుపు గీతలు, వాటిని ఆనుకుని నల్లటి ముక్కోణపు మచ్చలు. చతురస్రంలో నాలుగు చుక్కలు ఉండవు.

మొక్కజొన్న మీద ఉంది కాబట్టి కత్తెర పురుగు, వేరుశనగ మీద ఉంది కాబట్టి లద్దె పురుగు అని పంటను బట్టి తేల్చేయడం ఒక షార్ట్‌కట్. చాలాసార్లు ఫలిస్తుంది కూడా. కానీ కత్తెర పురుగు తినగల మొక్కల జాబితా 350 దాటింది. లద్దె పురుగు కూడా మొక్కజొన్నను ముట్టుకోదని ఏమీ లేదు. రెండు పంటలూ పక్కపక్కనే ఉన్న చోట తోక చూడకుండా పేరు చెప్పకండి.

కంకి చివర పీచు దగ్గర దొరికిన పురుగు శనగపచ్చ పురుగా, కత్తెర పురుగా?

రెండిట్లో ఏదైనా కావచ్చు. శనగపచ్చ పురుగు అంటే హెలికోవెర్పా ఆర్మిజెరా. కంది, శనగ, పత్తి, టమాటాలో పేరుమోసినది, మొక్కజొన్న కంకికీ వస్తుంది. భూతద్దంలో చర్మం చూడండి. శనగపచ్చ పురుగు చర్మం మీద కంటికి ఆనని సన్నటి ముళ్ళు దట్టంగా ఉండి గరుగ్గా కనబడుతుంది. కత్తెర పురుగు చర్మం చుక్కలను పక్కనపెడితే దాదాపు నున్నగా ఉంటుంది. తల కూడా సాయపడుతుంది. శనగపచ్చ పురుగు తల ఒకే లేత రంగులో, వై గీత తేలకుండా ఉంటుంది.

సాధారణంగా శనగపచ్చ పురుగు పీచు మీదుగా కంకి కొన నుంచి దిగుతుంది. కత్తెర పురుగు కొన నుంచీ వస్తుంది, పొట్టు మీద పక్క నుంచి బెజ్జం పెట్టి కూడా దూరుతుంది. పక్కన బెజ్జం కనబడితే అనుమానం కత్తెర పురుగు వైపు మొగ్గుతుంది.

ఆకులు అంచుల నుంచి మేసి ఈనె మాత్రం మిగిల్చింది. ఇదీ కత్తెర పురుగేనా?

మిథిమ్నా సెపరేటా కావచ్చు. వరిలో దీన్ని కంకులు కత్తిరించే పురుగుగా ఎరుగుదుం, జొన్న, మొక్కజొన్నలోనూ ఉంటుంది. తల మీద వల అల్లినట్టుగా గోధుమ గీతలు, వాటి మధ్య రెండు ముదురు పట్టీలు కనబడతాయి. తోక దగ్గర నాలుగు చుక్కలుండవు. పగలు ఎక్కువగా సుడిలోనో, మట్టిపెళ్ళల కిందో దాక్కుని రాత్రి మేస్తుంది.

మొవ్వ ఎండిపోయింది. ఏ పురుగు?

లేత దశలో కత్తెర పురుగు కూడా మొవ్వను చంపగలదు, కానీ ముందు అనుమానించాల్సింది కాండం తొలిచే పురుగులను. రెండున్నాయి. ఖైలో పార్టెల్లస్ వల్ల విచ్చుకున్న ఆకుల మీద గుండుసూదితో వరసగా గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు పడతాయి. ఇది నాక్టూయిడే కుటుంబంలోది కాదు. గులాబీ రంగు కాండం తొలుచు పురుగు సెసామియా ఇన్‌ఫెరెన్స్ మాత్రం అదే కుటుంబం, యాసంగి మొక్కజొన్నలో ఎక్కువ. గులాబీ ఒళ్ళు, ఎర్రటి గోధుమరంగు తల చూస్తే దాన్ని ఇంక దేనితోనూ పొరబడరు. కాండం చీల్చి చూడండి, తొలిచిన దారిలో పురుగు దొరుకుతుంది.

ఆకు గాట్లను బట్టి చెప్పొచ్చా?

కొంతవరకు చెప్పొచ్చు. అప్పుడే పుట్టిన పురుగులు ఆకుపచ్చటి పొరను గీకి తిని అడుగు పొరను వదిలేస్తాయి. ఆకు మీద తెల్లటి పలుచని కిటికీల్లాంటి మచ్చలు పడతాయి. తర్వాత సుడిలోకి దిగి, చుట్టుకుని ఉన్న ఆకుల పొరలన్నిటినీ కలిపి కొరుకుతాయి. ఆకు విచ్చుకున్నాక అడ్డంగా ఒకే వరసలో రంధ్రాలు కనబడతాయి. పురుగు పెరిగేకొద్దీ రంధ్రాలు పెద్దవై, అంచులు చిరిగి, గొడ్డు మేసినట్టు తయారవుతుంది. సుడి నిండా తడి రంపపు పొట్టు లాంటి విసర్జన ఉంటే, దాని కింద ఒక్కటే పెద్ద పురుగు ఉంటే, కత్తెర పురుగు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఒక్కటే ఎందుకంటే, పెద్దవయ్యాక ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి.

గుడ్ల కుప్ప చూసి పేరు చెప్పొచ్చా?

కొన్నిటిని కొట్టేయొచ్చు. శనగపచ్చ పురుగు గుడ్లు విడివిడిగా పెడుతుంది, ఒక్కోటీ గుండ్రంగా, నిలువు గాట్లతో ఉంటుంది. ఖైలో గుడ్లు చదునుగా, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి, పైన నూగు ఉండదు. మిథిమ్నా వరసలుగా ఆకు తొడుగు మడతల్లో దాస్తుంది. గుంపుగా పెట్టి, పైన తన ఒంటి నూగు కప్పేది స్పోడోప్టెరా. ఒక్కో కుప్పలో 100 నుంచి 200 గుడ్ల దాకా ఉంటాయి. కత్తెర పురుగు కప్పే నూగు బూడిదరంగు, పొగాకు లద్దె పురుగుది ఎక్కువగా లేత గోధుమ. ఎండకూ వానకూ ఆ రంగు మారిపోతుంది కాబట్టి నూగు రంగు మీద పందెం కాయకండి. కుప్పను ఆకుతో సహా తెంపి డబ్బాలో వేస్తే రెండు మూడు రోజుల్లో పొదుగుతుంది.

తల్లి పురుగును ఎలా గుర్తుపట్టాలి?

మగదైతే తేలిక, ఆడదైతే తలనొప్పి. రెక్కలు చాపితే ఈ కొసనుంచి ఆ కొసకు 3 నుంచి 4 సెంటీమీటర్లు. మగ పురుగు ముందు రెక్క బూడిద, గోధుమ కలగలుపు. రెక్క కొన దగ్గర ముక్కోణపు తెల్ల మచ్చ, మధ్యలో ఏటవాలుగా ఒక లేత మచ్చ ఉంటాయి. ఆడదాని ముందు రెక్క దాదాపు ఒకే బూడిద గోధుమరంగు, చెప్పుకోదగ్గ గుర్తు లేదు.

వెనక రెక్కలు రెండిట్లోనూ వెండిలా మెరిసే తెలుపు, సన్నటి ముదురు అంచు. వెనక రెక్క అంచున వెడల్పాటి నల్ల పట్టీ ఉంటే అది శనగపచ్చ పురుగు. కానీ తెల్లటి వెనక రెక్క స్పోడోప్టెరాలన్నింటికీ దాదాపు ఉమ్మడే. పొగాకు లద్దె పురుగు ముందు రెక్క మీద అడ్డదిడ్డంగా తెల్ల గీతలు అల్లుకుని ఉంటాయి కాబట్టి దాన్ని విడదీయొచ్చు. పచ్చ లద్దె పురుగు చిన్నది, దాని మధ్య మచ్చ గుండ్రంగా ఉంటుంది. మిథిమ్నా సెపరేటా గడ్డి రంగులో ఉండి, ముందు రెక్క మధ్య చిన్న తెల్ల చుక్క ఉంటుంది. అసలు ఇబ్బంది వరి లద్దె పురుగు స్పోడోప్టెరా మౌరీషియాతో. ముందు రెక్క చాలా దగ్గరగా ఉంటుంది. దాని మగ పురుగు ముందు కాళ్ళకు దట్టమైన పొలుసుల కుచ్చు ఉండటం ఒక ఆధారం. దీపం దగ్గర వాలిన ఆడ పురుగు ఫొటో ఒక్కటే ఉంటే "స్పోడోప్టెరా ప్రజాతి" అని రాసి ఆగిపోవడమే నిజాయితీ.

లింగాకర్షక బుట్టలో పడ్డవన్నీ కత్తెర పురుగులేనా?

కాదు. బుట్టలోకి వచ్చేవి మగ పురుగులే, కానీ వేరే జాతుల మగవీ పడుతుంటాయి. మిథిమ్నా, లుకేనియా తరహావి ఎక్కువ. రోజుల తరబడి బుట్టలో కొట్టుకుని రెక్కల పొలుసులు రాలిపోతే ఏదో చెప్పడం ఇంకా కష్టం. వారానికొకసారి కాకుండా రెండు మూడు రోజులకోసారి తీసి చూడటం మేలు.

ఎర విషయంలో ఇంకో జాగ్రత్త. దుకాణంలో "లద్దె పురుగు ఎర" అని అడిగితే పొగాకు లద్దె పురుగుది ఇచ్చేస్తారు. రెండు పురుగుల వాసన రసాయనాలు వేరు. దానితో కత్తెర పురుగు రాదు. బుట్ట ఖాళీగా ఉంది కాబట్టి చేలో పురుగు లేదనుకుని ధీమాగా కూర్చుంటే సుడి ఖాళీ అవుతుంది. ప్యాకెట్ మీద శాస్త్రీయ నామంలో ఫ్రుజిపెర్డా అని ఉందో లేదో చదివి తీసుకోండి.

మట్టిలో దొరికిన కోశం చూసి చెప్పొచ్చా?

లాభం లేదు. కోశం అంటే గొంగళి పురుగు రెక్కల పురుగుగా మారే దశ, ఎర్రటి గోధుమరంగు కోశాలు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. డబ్బాలో కాస్త తేమ మట్టి వేసి, గాలాడే మూత పెట్టి ఉంచండి, వేసవిలో ఎనిమిది తొమ్మిది రోజుల్లో తల్లి పురుగే బయటికి వచ్చి తన సంగతి చెబుతుంది.

పురుగును ఇంట్లో పెంచి చూడొచ్చా?

చూడొచ్చు, అనుమానం తీర్చుకోవడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. ఒక్కో పురుగుకు ఒక్కో డబ్బా. రెండు పెడితే ఉదయానికి ఒకటే మిగులుతుంది. రోజూ లేత మొక్కజొన్న ఆకు మార్చండి, మందు కొట్టిన చేను ఆకు వేయొద్దు. ఇది కుట్టదు, దురద పెట్టదు, చేత్తో పట్టుకోవచ్చు.

గుర్తింపు కోసం ఫొటో ఎలా తీయాలి?

పురుగు మీద ఆకు నీడ పడకుండా నాలుగు ఫొటోలు: తల ఎదురుగా, వీపు మొత్తం పైనుంచి, తోక చివర దగ్గరగా, పక్క నుంచి. పక్కన స్కేలో, రూపాయి నాణెమో పెట్టండి. ఏ పంట, ఏ దశ, ఏ మండలం అన్నది రాయండి. వాట్సాప్‌లో వచ్చే ఫొటోల్లో చాలా వాటికి తల బ్రహ్మాండంగా ఉంటుంది, తోక మసగ్గా ఉంటుంది. అలాంటివాటికి ఎంత పెద్ద నిపుణుడైనా "కావచ్చు" అనే చెబుతాడు. ఫోన్ యాప్‌లు ప్రజాతి దాకా బాగానే తెస్తాయి, జాతి పేరు మాత్రం మీరు చుక్కలు చూసుకున్నాకే ఒప్పుకోండి.

నిపుణులు ఎలా నిర్ధారిస్తారు?

తల్లి పురుగైతే పొట్ట చివరి భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, జననాంగాలను విడదీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. నాక్టూయిడ్ పురుగుల్లో రెక్కల కంటే ఇవే నమ్మదగిన ఆధారం. గుడ్లు, చిన్న పురుగులు, ముక్కలైన నమూనాలైతే డీఎన్ఏ. మైటోకాండ్రియాలోని సీఓ-1 జన్యువు భాగాన్ని చదివి, తెలిసిన జాతులతో సరిచూస్తారు. డీఎన్ఏ కోసం పంపేదైతే పురుగును గాఢమైన ఆల్కహాల్‌లో వేయాలి. ఆల్కహాల్‌లో రంగులు పోతాయి కాబట్టి వేసేముందే ఫొటోలు తీయడం మరవొద్దు.

వరి రకం, మొక్కజొన్న రకం అని రెండు కత్తెర పురుగులున్నాయంటారు. వాటిని వేరు చేయొచ్చా?

చూపుతో అసాధ్యం. అవి ఒకే జాతిలోని రెండు జన్యు సమూహాలు, ఒంటి గుర్తుల్లో తేడా లేదు. అమెరికాలో జన్యు గుర్తులతో విడదీస్తారు. ఆఫ్రికా, ఆసియాకు వచ్చిన పురుగుల్లో మైటోకాండ్రియా గుర్తు ఒక రకాన్ని, టీపీఐ అనే ఇంకో జన్యువు మరో రకాన్ని చూపించిన సందర్భాలు ఎక్కువ. చేలో నిర్ణయాలకు ఇది అవసరం లేని సమాచారం.

పేరు తప్పైతే ఏం పోతుంది? ఏదైనా పురుగుమందు పురుగుమందే కదా?

పోయేది డబ్బు, వారం రోజుల సమయం. కాండంలో ఉన్న పురుగుకు సుడిలో మందు కొడితే ఫలితముండదు. శనగపచ్చ పురుగు కోసం అమ్మే ఎన్‌పీవీ వైరస్ ద్రావణం స్పోడోప్టెరాను చంపదు, అలాంటి వైరస్‌లు తమ జాతి దాటి పెద్దగా పోవు. ఎర సంగతి పైన చెప్పాను. ఇంకొకటి, ఆకుకు అతుక్కుని, తెల్లటి బూజుతో గట్టిపడి, తర్వాత ఆకుపచ్చ పొడి పట్టిన పురుగు కనబడితే దాన్ని కొత్త జాతి అనుకోకండి. మెటారైజియం రిలేయి అనే శిలీంధ్రం సోకిన కత్తెర పురుగో, లద్దె పురుగో అది. వానాకాలం తేమలో తరచుగా వస్తుంది, రైతుకు మంచిదే. అలాంటివి ఎక్కువగా కనబడితే మందు కొట్టేముందు ఒకసారి ఆలోచించండి.

నమూనా ఎక్కడ చూపించాలి?

ముందు మండల వ్యవసాయ అధికారి, లేదా జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రం. మొక్కజొన్న విషయమైతే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం ఉంది, ఆంధ్రలో గుంటూరు లాం దగ్గర ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. బతికిన పురుగును గాలాడే డబ్బాలో, రెండు ఆకు ముక్కలతో తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ కవర్లో ముడివేసి తెస్తే ఉక్కకు చచ్చి నల్లబడుతుంది, అప్పుడు చుక్కలూ కనబడవు, గీతలూ కనబడవు.